రాయి మీద బొమ్మ: ప్రొజెక్టరు కొనాలా, కట్టాలా?

నంద్యాల సినిమా హాళ్లలో కార్బన్ కడ్డీల దీపాల కాలం నుంచి డిజిటల్ వచ్చిందాకా ఆపరేటరుగా పనిచేసిన మామ ఒకవైపు. ఆళ్లగడ్డలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకునే మేనల్లుడు ఇంకోవైపు. పగిలిన పాత ఫోనులోంచి ఎల్‌సీడీ విప్పి, దాని వెనక ఎల్‌ఈడీ దీపం, ముందు కటకాలు అమర్చి, ఐదారు వేల రూపాయల్లో ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టరు కట్టాలని అల్లుడి పట్టుదల. అదీ సినిమా కోసం కాదు. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్డులో, చెక్కబోయే రాయి మీద నిలువెత్తు బొమ్మను వెలుతురుతో వేసి, దాని వెంట గీత గీసుకోవడానికి. మామకు ఈ ఆలోచన బొత్తిగా నచ్చలేదు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే. అందుకే ఎక్కడ ఎవరి మాట నిలబడుతుందని నాకనిపించిందో మధ్యమధ్య చెబుతూ ఆ వాదాన్ని ఇక్కడ పెడుతున్నాను.

మామ: ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకు అరచేతిలో పట్టేంత ప్రొజెక్టరు వస్తాంది. రిమోటు, స్పీకరు, వారంటీ అన్నీ దాంతోనే. నువ్వేమో అంతే డబ్బు పెట్టి చెక్కపెట్టె కడతానంటావు. ఎందుకప్పా ఇదంతా?

అల్లుడు: ఆ పెట్టె మీద 1080 అని పెద్దగా ఉంటుంది మామా, పక్కన చిన్నక్షరాల్లో సపోర్ట్ అని ఉంటుంది. 1080 సినిమా పెడితే తీసుకుంటుంది గానీ కుదించి చూపిస్తుంది. చవకవాటిలో చాలావాటికి లోపలున్న ప్యానెల్ 800 అడ్డం, 480 నిలువు. ఇంకాస్త మంచిదైతే 1280, 720. నా దగ్గరున్నది రెడ్‌మీ నోట్ 4. ఐదున్నర అంగుళాల తెర, 1920 బై 1080. అంటే 20,73,600 చుక్కలు. ఆ ఫోను బోర్డే బొమ్మను నడిపిస్తుంది కాబట్టి వేరే కంట్రోలర్ బోర్డు కొనే పని కూడా లేదు.

మామ: శిల్పులు చుక్కలు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటారా?

అల్లుడు: వాళ్లకే ఆ లెక్క కావాలి. ఫోన్ను నిలువుగా పెట్టి బొమ్మను ఆరడుగుల పైచిలుకు ఎత్తుకు సాగదీసినామనుకో. 1920 చుక్కలుంటే ఒక్కో చుక్క రాయి మీద ఒక మిల్లీమీటరు. 800 చుక్కలే ఉంటే రెండుంబావు మిల్లీమీటర్లు దాటుతుంది. నరసింహస్వామి జూలు, కిరీటం మీద లతలు గీసేటప్పుడు మిల్లీమీటరు గీతకూ రెండున్నర మిల్లీమీటర్ల మెట్లు మెట్ల గీతకూ చాలా తేడా ఉంటుంది. సినిమా అయితే బొమ్మ కదిలిపోతుంది, కన్ను సర్దుకుంటుంది. రాయి మీద గీత నిలబడి ఉంటుంది, శిల్పి దాని పక్కనే కూర్చుని చూస్తాడు.

మామ: మరి ఫ్లెక్సీ షాపు ఉంది కదా. ఆరడుగుల బొమ్మ ప్రింటు తీయించి, రాయికి అంటించి, అంచుల వెంట గీసుకుంటే పోలా? కరెంటు వద్దు, చీకటి వద్దు, నీ లెన్సులూ వద్దు.

ఇది గట్టి దెబ్బ. ఇంట్లో ఏదైనా కడతామనేవాళ్లు ముందుగా జవాబు చెప్పాల్సింది ఇట్లాంటి ప్రశ్నకే. దానికంటే తేలికైన దారి ఊళ్లోనే ఉంటే కట్టడం దేనికి?

అల్లుడు: ఫ్లెక్సీ అంటిస్తే రాయి కనపడదు మామా. రాతిలో చార ఎక్కడుంది, సన్నని పగులు ఎక్కడుంది అని శిల్పి ముందు వెతికేది దాన్నే. చార ముక్కు మీదికి వచ్చిందంటే విగ్రహం పనికిరాదు. వెలుతురైతే రాయి కనపడుతూనే ఉంటుంది, బొమ్మను రెండంగుళాలు పక్కకు జరిపి చార దుస్తుల మడతలోకి పడేట్టు చూసుకోవచ్చు. ఐదున్నర అడుగులు చాలనుకుంటే పెట్టెను కాస్త ముందుకు జరిపి మళ్లీ ఫోకస్ చేస్తే సరి. ఫ్లెక్సీ అయితే ఇంకో ప్రింటు తీయించాల్సిందే.

మామ: రాయి గోడ మాదిరి చదునుగా ఉంటుందా? ఉబ్బు మీద పడిన వెలుతురు పక్కకు పోతుంది కదా!

అల్లుడు: పోతుంది. పెట్టె మూడు మీటర్ల దూరంలో ఉందనుకో. బొమ్మ నడిమధ్య నుంచి తొంభై మూడు సెంటీమీటర్ల పైన తల ఉంది. అక్కడ రాయి ఐదు సెంటీమీటర్లు ముందుకు ఉబ్బి ఉంటే గీత సుమారు సెంటీమీటరున్నర తప్పుతుంది. అందుకే ముఖం చదును చేసిన దిమ్మె మీద మొదటి గీతకే ఇది. ఉలి దిగి లోతులు మొదలైనాక వెలుతురును నమ్మకూడదు. అక్కణ్నించి శిల్పికి కొలతాడు, కాలిపరే దిక్కు. తల ఇంత, మొండెం ఇంత అని తాళం లెక్క వాళ్లకు ఎట్లాగూ కంఠతా వచ్చు.

మామ: అంటే ఒకే ఒక్క గీతకు ఇంత యంత్రం.

అల్లుడు: ఆ ఒక్క గీత మీదనే తర్వాతి పనంతా నడుస్తుంది.

మామ: సరే, ఇది చెప్పు. మా కేబిన్ తెరకంటే ఎత్తులో ఉండేది. వాలుగా కొడితే పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు. సినిమాకు ఎవరూ పట్టించుకోరు. నీ విగ్రహం భుజాలు సన్నమై పాదాలు వెడల్పైతే?

అల్లుడు: కొన్న పెట్టెలో దానికి కీస్టోన్ అని ఒక బటన్ ఉంటుంది. అది బొమ్మను ప్యానెల్ మీదే పక్కలకు నొక్కి దీర్ఘచతురస్రం చేస్తుంది. అట్లా నొక్కినప్పుడల్లా కొన్ని చుక్కలు వృథా, గీతలకు పళ్లు లేస్తాయి. నా పెట్టెలో ఆ బటన్ అక్కర్లేదు. ప్యానెల్, లెన్సు, రాయి ముఖం మూడూ ఒకదానికొకటి సమాంతరంగా నిలబెడతా. రసమట్టం, తూకం గుండు శిల్పి దగ్గరే ఉంటాయి. బొమ్మ ఎత్తు చాలకపోతే పెట్టెను వంచను, లెన్సు పలకను మాత్రం పైకి జరుపుతా. పదిహేను రెట్లు పెద్దది చేసే అమరికలో లెన్సు ఒక సెంటీమీటరు పైకి పోతే రాయి మీద బొమ్మ సుమారు పదహారు సెంటీమీటర్లు పైకి పోతుంది. మూలలు మాత్రం మూలమట్టంగానే ఉంటాయి.

మామ: లెన్సు మధ్య నుంచి తప్పిస్తే ఒక పక్క వెలుతురు తగ్గుతుంది.

అల్లుడు: తగ్గుతుంది. గీత కనపడినంత వరకు నాకు చాలు.

ఇక్కడ అల్లుడిదే పైచేయి అని నా అభిప్రాయం. ఇంట్లో కట్టిన ప్రొజెక్టరును అంగడి పెట్టెతో పోల్చేటప్పుడు అందరూ ధర దగ్గరే ఆగిపోతారు. ధరలో పెద్ద తేడా రాదు. లెన్సును ప్యానెల్ నుంచి విడిగా జరిపే సౌకర్యం ఆరేడు వేల పెట్టెలో దొరకదు, చెక్కపెట్టెలో రెండు చీలికల పట్టాతో వచ్చేస్తుంది. పని ఏదో ముందే తెలిసినవాడికి సొంతంగా కట్టడంలో ఉండే లాభం ఇదే.

మామ: లెన్సు అంటాండావు, ఏం లెన్సు? బూతద్దం పెడతావా?

అల్లుడు: బూతద్దంతో మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. మధ్యలో బాగానే ఉంటుంది, మూలలకు పోయేకొద్దీ మసక, తెల్లగీత పక్కన నీలం, ఎరుపు అంచులు. రంగులన్నీ ఒకే చోట కూడవు కదా. మూడు గాజులు కలిపిన ట్రిప్లెట్ కావాలి. 1893లో డెన్నిస్ టేలర్ అనే ఇంగ్లీషాయన కట్టిన అమరిక అది, ఇప్పటికీ చవకలో దానికి మించింది లేదు. 185 మిల్లీమీటర్ల ఫోకస్ ఉన్నదైతే మూడు మీటర్ల నుంచి ఆరడుగుల బొమ్మ వస్తుంది. నా ఖర్చులో పెద్ద భాగం దానికే. ఫోను పగిలినది కాబట్టి దాదాపు ఊరకే వచ్చింది, దీపం కొన్ని వందలు.

మామ: ఫోన్ ఎల్‌సీడీ విప్పితే పగలదా?

అల్లుడు: తొందరపడితే పగులుతుంది. ముందు ఫోన్ తెర ఏ రకమో చూసుకోవాలి. అమోలెడ్ అయితే అసలు పనికిరాదు, దాని చుక్కలు సొంతంగా వెలుగుతాయి, వెనక నుంచి దీపం దాటదు. ఐపీఎస్ ఎల్‌సీడీ కావాలి. అంచున నల్లని జిగురు టేపు ఉంటుంది. హాట్ ఎయిర్ గన్‌తో సన్నగా వెచ్చబెట్టి, ఫ్లెక్స్ కేబుల్ లేని వైపు నుంచి బ్లేడు దూర్చాలి. వెనక పలక ఊడి వస్తుంది. దాంట్లో తెల్లకాగితం మాదిరి ఒక షీటు, దాని మీద ఆక్రిలిక్ పలక, ఆపైన మసక షీటు, ఆపైన సన్నని గాట్లున్న ప్రిజం షీట్లు రెండు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది గోరంత మందం కూడా లేని గాజు. ఫోన్ ఆన్ చేసి దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే బొమ్మలోంచి వీధి కనపడుతుంది.

మామ: నిమ్మలకుంటలో తోలుబొమ్మలోళ్లు మేకతోలును అంత పల్చగా గీకేది ఇందుకే. దీపం అవతల ఉంటుంది, రంగు ఇవతలికి రావాల. కానీ వాళ్ల తోలు నీ గాజు మాదిరి వెలుతురును మింగదురా. నీ ప్యానెల్ ఎంత మింగుతుందో లెక్క వేసినావా?

అల్లుడు: వేసినా. ముందున్న పోలరైజరే సగం ఆపేస్తుంది. తర్వాత ఎరుపు, పచ్చ, నీలం ఫిల్టర్లు, ఒక్కోటి మూడో వంతే వదులుతుంది. చుక్కల మధ్య తీగలు, ట్రాన్సిస్టర్లు ఇంకొంత అడ్డం. నూరు పాళ్లు పంపితే అవతలికి వచ్చేది ఐదారు పాళ్లే. 100 వాట్ల ఎల్‌ఈడీ తొమ్మిదీ పది వేల ల్యూమెన్లు ఇస్తుందని చెప్తారు. దాంట్లో ప్యానెల్ మీదికి కూడగట్టగలిగేది సగం అనుకో. చివరికి రాయి మీద పడేది రెండు వందల చిల్లర.

మామ: ఆరడుగుల అడ్డం తెర రెండు చదరపు మీటర్లు. అంటే వంద లక్స్. మంచి తెల్ల తెర మీద అది చదరపు మీటరుకు 32 క్యాండెలాలు. డిజిటల్ సినిమాకు తెర మధ్యన 48 ఉండాలని ప్రమాణం. హాల్లో వెలుగులో మూడింట రెండు వంతులు. అదీ తెల్ల తెర మీద. మీ ఆళ్లగడ్డలో ఎక్కువగా చెక్కేది నల్లరాయి. నల్లరాయి వచ్చిన వెలుతురును వచ్చినట్టే తాగేస్తుంది. ఏం కనపడుతుంది నీకు?

అల్లుడు: సుద్ద నీళ్లలో కలిపి చదును చేసిన ముఖానికి పలచగా ఒక పూత. ఆరినాక అదే తెర. గీత అయిపోయినాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చార దాని కింద కూడా కనపడేంత పలచగా పూయాలి. బొమ్మ కూడా రంగుల ఫొటో కాదు, నల్ల నేల మీద తెల్ల గీత. పగలు ఎట్లాగూ కుదరదు. దీపాలు పెట్టినాక గీసుకుంటారు, పొద్దున ఉలి పడతారు.

మామ ఈ జవాబుకు ఒప్పుకోలేదు, ఎదురూ చెప్పలేదు. వాదాన్ని ఇంకోవైపు తిప్పాడు.

మామ: మనోళ్లకు సినిమా వచ్చిందే కొన్న యంత్రంతో. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపే రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే సినిమా యంత్రం తెప్పించి ఊరూరూ తిప్పినాడు. ఆయన కూర్చుని యంత్రం కట్టలేదు. తెలుగు మొదటి టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. ఆ కథ జరిగింది మన అహోబిలంలోనే అని నమ్ముతాం. ఆ సినిమా ఆడించిన యంత్రాలూ పరాయి దేశాలవే. మంచి యంత్రం కొని, దాన్ని బాగా నడపడం మన పని.

అల్లుడు: నడపడం అంటే నువ్వు చేసింది ఏంది మామా? కార్బన్ కడ్డీల మధ్య ఎడం సరిచేసేది నువ్వే, అద్దం తుడిచేది నువ్వే, బెల్టు తెగితే మార్చేది నువ్వే. ఆ యంత్రం విప్పితే ప్రతి మరా నీకు తెలుసు. ఇప్పుడొచ్చే చిన్న పెట్టెలో ప్యానెల్ మాడిపోతే ఏం చేస్తావు? అదే కొలత ప్యానెల్ దొరకదు, పెట్టె జిగురుతో మూసేసి ఉంటుంది. పారెయ్యడమే. నా దాంట్లో ప్యానెల్ పోతే ఇంకో పగిలిన ఫోను, దీపం పోతే ఇంకో దీపం.

మామ: మాడిపోతే అన్నావు చూడు, అసలు మాట దాని దగ్గరికి రా. మా ఫిల్ము గేటులో సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. ఒక్కో ఫ్రేము వెలుతురు ముందు నిలబడేది సెకనులో ఇరవై నాలుగో వంతు. కదలకుండా ఇరుక్కుపోతే చూస్తుండగానే తెర మీద బుడగ లేచి, పసుపై, నల్లగై కాలిపోయేది. జనం ఈలలు, నా చేతులు వణుకు. నీ గాజు గంటల తరబడి అదే వెలుతురు ముందు కదలకుండా నిలబడాలి. బయట నంద్యాల ఎండ 45 దాటుతుంది. ఏం చేస్తావు?

అల్లుడు: ఎల్‌ఈడీ వెలుతురులో పాత మెటల్ హాలైడ్ దీపాలంత వేడి కిరణాలు ఉండవు.

మామ: ఉండవు సరే. పోలరైజరు సగం వెలుతురును ఆపుతుందని నువ్వే చెప్పినావు. ఆపిన వెలుతురు యాడికి పోతుంది?

అల్లుడు: ఆ ప్లాస్టిక్‌లోనే వేడవుతుంది.

మామ: ఊ.

అల్లుడు: వేడి మితి మీరితే ద్రవస్ఫటికాల వరస చెదిరిపోతుంది. బొమ్మ మధ్యలో నల్ల మరక లేస్తుంది. చల్లబడితే పోతుంది గానీ పోలరైజరు ఒకసారి పసుపెక్కితే తిరిగి రాదు. అందుకే ప్యానెల్‌కూ ముందూ వెనక వెలుతురును కూడగట్టే ఫ్రెనెల్ కటకం పలకలకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ వదిలి, రెండు ముఖాల మీదా గాలి ఆడేట్టు ఫ్యాను. ఆ ఖాళీ ఇంకో పనికి కూడా వస్తుంది. ఫ్రెనెల్ గాట్లు ప్యానెల్‌కు ఆనుకుని ఉంటే వాటి వలయాలు బొమ్మలో కనపడతాయి. దీపానికి పాత కంప్యూటర్ ప్రాసెసర్ మీది హీట్‌సింక్. 100 వాట్ల దీపాన్ని 70 దగ్గరే నడుపుతా.

మామ: శిల్పుల షెడ్డులో రాతిపొడి. నీ ఫ్యాను ఆ పొడినంతా లోపలికి పీల్చి ఫ్రెనెల్ గాట్లలో నింపుతుంది. గుడ్డతో తుడిస్తే ఆక్రిలిక్ మీద గీతలు. లైట్‌హౌసుల కోసం ఫ్రెనెల్ దొర 1823లో పెట్టింది గాజు కటకం, నీది మెత్తని ప్లాస్టిక్.

అల్లుడు: గాలి లోపలికొచ్చే చోట ఫిల్టరు గుడ్డ పెడతా. ఫ్యాను గాలిని లోపలికి తోయాలి, బయటికి లాగకూడదు. అప్పుడు సందుల్లోంచి పొడి దూరదు. గ్రైండరు ఆడేటప్పుడు పెట్టె షెడ్డులో ఉండనే ఉండదు.

మామ: ఎల్‌ఈడీ డ్రైవరు ఏది కొంటాండావు? చవకవాటిలో 230 వోల్టుల లైనుకూ దీపానికీ మధ్య అడ్డమే ఉండదు. దీపం కాళ్లు ముట్టుకుంటే షాకు. ఐసోలేటెడ్ అని ఉన్నదే కొను. హీట్‌సింక్‌కు ఎర్తింగ్ వెయ్. తడి సుద్ద, తడి నేల, లోహపు ఉలి, అన్నీ పక్కనే ఉన్న చోటు అది. ఆ దీపంలోకి నేరుగా చూడకుండా మూత పెట్టు. ఫ్యాను ఆగిపోతే?

అల్లుడు: చూసుకుంటా.

మామ: చూసుకుంటా అంటే కుదరదు. కార్బన్ దగ్గర నేనుండేవాణ్ని కాబట్టి ఆపేవాణ్ని. నీ పెట్టె దగ్గర శిల్పి ఉంటాడు, అతని కళ్లు రాయి మీద ఉంటాయి.

ఈ చోట మామ మాట ఒక్కటి కూడా కొట్టిపారేయడానికి లేదు. ఇంట్లో ప్రొజెక్టరు కట్టే కుర్రాళ్లు చుక్కల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. డ్రైవరు ఐసోలేటెడా కాదా అని అడిగేవాళ్లు తక్కువ. పొదుపు చేయాల్సింది పెట్టె చెక్కలో, ఫోనులో. కరెంటు, వేడి, లెన్సు ఈ మూడింటి దగ్గర పైసా కూడా పొదుపు చూడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అల్లుడు: 60 డిగ్రీల థర్మల్ స్విచ్ చిన్నది దొరుకుతుంది. హీట్‌సింక్‌కు బిగించి డ్రైవరు లైనులో పెడతా. ఫ్యాను ఆగి వేడెక్కితే దీపం దానంతటదే ఆరిపోతుంది.

మామ: ఒకటి ప్యానెల్ పక్కన కూడా పెట్టు. దీపం చల్లగా ఉండి ప్యానెల్ ఫ్యాను ఒక్కటే ఆగితే?

అల్లుడు: దానికి ఇంకా తక్కువ డిగ్రీలది కావాలి. రెండూ వరసగా కలుపుతా.

మామ: అట్లా అయితే ఇంకో మాట. కాలేజీల్లో పాఠాలకు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు, ఓహెచ్‌పీలు ఉండేవి చూడు, పైన తలకాయ, కింద గాజుపలక. నంద్యాలలో పాతసామాను కొనే చోట ఒకటి పడి ఉంది. తలకాయలో లెన్సు ఉంటుంది, గాజు కింద ఫ్రెనెల్ ఉంటుంది. కొత్త లెన్సు కొనకుండా అదే విప్పుకోరాదూ?

అల్లుడు: వాటి ఫోకస్ 300 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది మామా. ఆరడుగుల బొమ్మకు మూడు మీటర్లు చాలవు, ఐదు మీటర్ల దాకా పోవాలి. పెట్టె కూడా పొడుగవుతుంది, లెన్సుకూ ప్యానెల్‌కూ మధ్య 32 సెంటీమీటర్లు.

మామ: పోనీ. షెడ్డు పొడుగ్గానే ఉంటుంది కదా. దూరం నుంచి కొడితే ఉబ్బు మీద గీత తప్పేది తగ్గదూ? మూడు మీటర్లకు సెంటీమీటరున్నర అంటివి.

అల్లుడు: ఐదు మీటర్లకు సెంటీమీటరే.

మామ: మరింకేం. ఆ ఫ్రెనెల్ పెద్దది, మధ్యభాగం ప్యానెల్‌కు సరిపోయేట్టు కోసుకో. వలయాల కేంద్రం ప్యానెల్ మధ్యకే రావాల, అది మరిచిపోకు. పెట్టె పూర్తయినాక ముందు రాయి దగ్గరికి తీసుకుపోవద్దు. గోడ మీద గళ్ల బొమ్మ వేసి రెండు మూలల నుంచి రెండు మూలలకు కొలువు. ఆరడుగుల ఎత్తులో రెండు కర్ణాలకూ మూడు మిల్లీమీటర్లకంటే ఎక్కువ తేడా వస్తే శిల్పికి ఫ్లెక్సీ ప్రింటే ఇప్పించు.

అల్లుడు: కర్ణాలు సమానమైనా గీతలు విల్లు మాదిరి వంగొచ్చు. అంచు గళ్ల మీద దారం లాగి కూడా చూస్తా. వంపు ఉంటే ఫోనులోనే బొమ్మను దానికి ఎదురుగా వంచి పెట్టుకోవచ్చు.

మామ: చూడు. కానీ దాంట్లో సినిమా వేసి నన్ను పిలిస్తే రాను. 32 క్యాండెలాల్లో సినిమా నేను చూడను.

అల్లుడు: నిన్ను పిలిచేది కర్ణాలు కొలిచేటప్పుడే. టేపు రెండో కొన పట్టుకోవాల కదా.